తీపి గుళికలు, తెల్ల గీతలు

చిన్నారులూ,

విజయనగరంలో చలి మొదలైందంటే చాలు, జలుబుకో దగ్గుకో హోమియో గుళికల సీసా మీ చేతికొస్తుంది. మందంటే పారిపోయేవాళ్లు కూడా దీన్ని అడిగి మరీ వేసుకుంటారు. ఎందుకో మీకు తెలుసు, అవి పంచదార గుళికలు. కొన్ని పాలచక్కెరతో చేస్తారు. వాటిమీద మందు చుక్కలు వేసి ఆరనిస్తారు. సీసా మీద 30 అని ఉంటే, ఒక వంతు మందుని 99 వంతుల ద్రవంలో కలిపి, ఆ కలిపినదాంట్లోంచి ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలిపి, ఇలా 30 సార్లు చేశారన్నమాట. అంత పలచన చేశాక అసలు పదార్థం ఒక్క అణువు కూడా మిగలదు. పంచదార మాత్రం మిగులుతుంది, పంటికి తగిలేది అదే.

నాలుగు గుళికల్లో ఎంతుంటుందిలే అంటారు. నిజమే, సిరిమాను సంబరంలో కొనుక్కునే ఒక్క జీడి ముక్కలో ఉన్నంత కూడా ఉండదు. కానీ పన్ను చూసేది ఎంత తిన్నారని కాదు, ఎన్నిసార్లు తిన్నారని. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లోని సూక్ష్మక్రిములు ఆమ్లం తయారుచేస్తాయి. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్, ఆమ్లం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అది 5.5 కన్నా దిగితే పంటి గట్టి పైపొర, అంటే ఎనామిల్ లోంచి ఖనిజం కరుగుతుంది. లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. రోజుకి ఐదుసార్లు, నెలల తరబడి వేసుకుంటే ఎన్ని అరగంటలో మీరే కూడండి. పైగా నాలుక కింద కరగనివ్వాలి, పావుగంట నీళ్లు తాగకూడదు అంటారు. మీరేమో కొరికేస్తారు! ఆ పిండి దవడపళ్ల గుంటల్లో ఇరుక్కుంటుంది. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక వచ్చే పన్ను ఊడి మళ్లీ వచ్చేది కాదు, దాని గుంటలు మరీ లోతు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి పడుకునేముందు వేసుకునే మోతాదు అన్నిటికన్నా చేటు.

అందుకని రాత్రి గుళికలు ముందు, బ్రష్ తర్వాత. పగలైతే ఆ పావుగంట కాగానే నీళ్లు పుక్కిలించండి. నీళ్లలో చుక్కలుగా ఇవ్వగలరేమో డాక్టరుగారిని అడగమని అమ్మతో చెప్పండి. పుదీనా వాసన పేస్టు మందుకి పడదని కొందరు మాన్పిస్తారు. మానేస్తే పన్ను పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ కూడా పోతుంది, అసలు నష్టం అక్కడే. పుదీనా లేని పిల్లల పేస్టులు దొరుకుతాయి, ట్యూబు మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పదిలక్షల వంతుల్లో వెయ్యి) ఉందో లేదో చూడండి. మూడేళ్లలోపు తమ్ముడికి బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు వాళ్లకి బఠాణీ గింజంత చాలు.

ఇప్పుడు అద్దం తీసుకుని ఎండలోకి రండి. పై పెదవి ఎత్తి, ముందుపళ్లని శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. చిగురు పక్కన సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత ఉందా? తడిగా ఉంటే అది కనిపించకపోవచ్చు. పుచ్చుకి అది తొలిమెట్టు, గుంట పడకముందే ఫ్లోరైడ్‌తో ఆపవచ్చు. గోధుమరంగు తిరిగి గుంట పడితే ఏ గుళికా పూడ్చదు, పళ్ల డాక్టరు పూడ్చాల్సిందే. బుగ్గ వాచి జ్వరం వస్తే గుళికలతో రేపటిదాకా ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంట్లో పళ్లొస్తున్న పాపాయి ఉంటే ఇంకో మాట. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ పళ్లొచ్చే పసివాళ్లకి వేసే హోమియో బిళ్లలు వాడొద్దని హెచ్చరించింది. కొన్నిటిలో బెల్లడోనా అనే విషపుమొక్క మందు, చీటీ మీద రాసినదానికన్నా ఎక్కువ ఉందని ఆ తర్వాత పరీక్షల్లో తేలింది. పాపాయి చిగుళ్లని కడిగిన వేలితో మెల్లగా రుద్దండి, లేదా చల్లటి తడిగుడ్డ కొరకనివ్వండి.