పికప్ తగ్గితే కార్బ్యురేటర్‌కన్నా ముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి: ఎం.జి.బి. ఇంజిన్ ట్యూనింగ్‌పై అపోహలు - వాస్తవాలు

"3,000 ఆర్‌పీఎం దాటితే బండి లాగట్లేదండీ. పాత ఎస్.యు. కార్బ్యురేటర్లు పీకేసి ఒక పెద్ద వెబర్ పెట్టేద్దామా?" పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎం.జి.బి. ఉన్నవాళ్ల నోట పదే పదే వినబడే ప్రశ్న ఇది. (ఎస్.యు. ఆ కారుతో వచ్చిన కార్బ్యురేటర్ రకం, వెబర్ మరో కంపెనీది.) అడిగేవాళ్లను తప్పుపట్టలేం. ఎవరో చెప్పారు, ఇంకెవరో అవునన్నారు. కానీ ఈ ఒక్క మాట నమ్మి జనం పోగొట్టుకునేంత డబ్బు మిగతా అపోహలన్నీ కలిపినా పోదు.

అపోహ: ఇంజిన్ లాగకపోతే కార్బ్యురేటర్లు అయిపోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు జబ్బు ఇగ్నిషన్‌లో, అంటే స్పార్క్ ఇచ్చే భాగాల్లో ఉంటుంది. అసలు ఏం జరుగుతుందో చూడండి. ఒక్కో ప్లగ్‌కూ స్పార్క్ పంచేది డిస్ట్రిబ్యూటర్. తొలినాళ్ల ఎం.జి.బి.లో ఉండే లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు బరువులు, రెండు స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ ఇవి స్పార్క్‌ను ముందుకు జరుపుతాయి; దాన్నే అడ్వాన్స్ అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ స్ప్రింగులు సాగుతాయి. అప్పుడు ఎక్కువ వేగంలో రావాల్సిన అడ్వాన్స్ తక్కువ వేగంలోనే వచ్చేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ నాకింగ్ కొడుతుంది. ఆ చప్పుడు పోవడానికి ఎవరో డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త వెనక్కి తిప్పుతారు. చప్పుడు పోతుంది, దాంతోపాటు ఎక్కువ వేగంలో ఉండే బలమూ పోతుంది. ఇంజిన్ వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నింద మాత్రం కార్బ్యురేటర్ మీద పడుతుంది.

పరీక్ష తేలికే. వ్యాక్యూమ్ గొట్టం తీసి మూసేయండి. స్ట్రోబ్ లైట్ (స్పార్క్‌తో పాటు వెలిగే టైమింగ్ దీపం) పట్టుకుని ఐడ్లింగ్ నుంచి 500 ఆర్‌పీఎం చొప్పున పెంచుతూ, ప్రతిసారీ ఎన్ని డిగ్రీలు వచ్చిందో కాగితం మీద రాసుకోండి. తొలినాళ్ల హై కంప్రెషన్ ఇంజిన్లకు స్టాటిక్ టైమింగ్ (ఇంజిన్ ఆపి పెట్టేది) టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుకి, 10 డిగ్రీల ముందు. మొత్తం అడ్వాన్స్ 30 - 32 డిగ్రీల దగ్గర ఆగాలి. మీ డిస్ట్రిబ్యూటర్‌కు ఉండాల్సిన వేగం కన్నా బాగా ముందే అడ్వాన్స్ వచ్చేస్తే స్ప్రింగులు మార్చాలి. ఎంత పెంచినా పదిహేను దాటకపోతే బరువుల కింద గ్రీజు గట్టిపడి బిగుసుకుపోయాయి.

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. బరువుల దగ్గరి ప్లేటు మీద చెక్కి ఉన్న అంకె డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలది. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి 10 అని ఉంటే క్రాంక్ దగ్గర 20. దానికి స్టాటిక్ 10 కలిపితే 30. ప్లేటు మీద 15 ఉన్న డిస్ట్రిబ్యూటర్‌ను వేరే బండి నుంచి తెచ్చి పెట్టి అదే స్టాటిక్ ఉంచితే 40 డిగ్రీలు అవుతుంది. అంత అడ్వాన్స్‌తో లోడు మీద నడిపితే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

ఇంకో మాట. పుల్లీ మీది మార్కును గుడ్డిగా నమ్మకండి. డ్యాంపర్ పుల్లీలో రబ్బరు జారితే బయటి చక్రంతో పాటు మార్కూ జరిగిపోతుంది. ఒకటో ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు వైపులా తిప్పి, ఆగిన రెండు చోట్లా గీత పెట్టండి. ఆ రెంటికీ సరిగ్గా నడిమధ్య ఉన్నదే అసలు టీడీసీ.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఇరవై నిమిషాలు నడిచాక మిస్సింగ్ మొదలైతే కండెన్సర్ మార్చి చూడండి. కొత్తది అయినంత మాత్రాన మంచిదని కాదు; నాసిరకం కండెన్సర్లు వేడికి త్వరగా పోతాయి. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల తిరిగే రోటర్ కూడా అంతే. ఇత్తడి పలకను రివెట్‌తో బిగించిన రకంలో స్పార్క్ ఆ రివెట్ గుండా షాఫ్ట్‌లోకి దూకేయగలదు. రివెట్ లేనిది తీసుకోండి. పాయింట్ల గ్యాప్ 0.35 - 0.40 మి.మీ., ప్లగ్ గ్యాప్ 0.64 మి.మీ.

ఇగ్నిషన్‌కన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది కంప్రెషన్. ఇంజిన్ వేడిగా, ప్లగ్‌లన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడాలి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం మించకూడదు. తక్కువ వచ్చిన దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి: పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. రెండోది టాపెట్ల గ్యాప్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు), చల్లని ఇంజిన్ మీద 0.38 మి.మీ. తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది కొలవాలి, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. ప్రతిసారీ మొత్తం 9 రావాలి.

ఇవన్నీ సరిగా ఉన్నాకే కార్బ్యురేటర్. పికప్ ఇస్తే క్షణం తడబడి అందుకుంటోందా? ముందు డ్యాష్‌పాట్ (ఎస్.యు. కార్బ్యురేటర్ పైనుండే గది) మూత విప్పండి. ఆయిల్ లేకపోతే లోపలి పిస్టన్ ఒక్కసారిగా ఎగిరి మిశ్రమం పల్చబడుతుంది. ఎస్.ఎ.ఇ. 20 ఆయిల్, లోపలి బోలు కడ్డీ పై అంచుకు 13 మి.మీ. ఎత్తు వరకు పోస్తే చాలు. ఈ నాలుగు చుక్కలు లేకనే కొత్త కార్బ్యురేటర్లు కొన్నవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది. తర్వాత మిశ్రమం. కార్బ్యురేటర్ పిస్టన్‌ను 0.8 మి.మీ. మాత్రమే పైకి లేపండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే రిచ్ (పెట్రోలు ఎక్కువ). పడిపోతే లీన్ (పెట్రోలు తక్కువ). కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. అంతకన్నా ఎక్కువ లేపి చూసి తప్పు నిర్ణయానికి రావద్దు.

మరి వెబర్ పనికిరాదా అంటే, పనికొస్తుంది. కామ్, హెడ్, ఎగ్జాస్ట్ మూడూ మారిన ఇంజిన్‌కు. ఎం.జి.బి.లోని బి-సిరీస్ ఇంజిన్ హెడ్‌లో 1, 2 సిలిండర్లకు ఒకే ఇన్‌టేక్ రంధ్రం, 3, 4కి మరొకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి పక్కపక్క సిలిండర్లు వెంటవెంటనే పీలుస్తాయి, తర్వాత ఆ రంధ్రం ఖాళీగా ఉంటుంది. రెండు సిలిండర్లకూ మిశ్రమం సమంగా అందదు. కార్బ్యురేటర్ ఎంత పెద్దదైనా ఈ ఇరుకు తీరదు. పైగా వెబర్ పెట్టినప్పుడు చాలామంది వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో వచ్చే అదనపు అడ్వాన్స్) వదిలేస్తారు. నెమ్మదిగా సాఫీగా వెళ్లేటప్పుడు పెట్రోలు ఖర్చు పెరిగేది అక్కడే.

మిగతావి త్వరగా.

అపోహ: హెడ్ ఎంత చెక్కిస్తే అంత బలం. కొలవకుండా చెక్కించకండి. 1798 సీసీలో ఒక సిలిండర్ వాటా 449.5. కంప్రెషన్ 8.8 కావాలంటే పైన మిగిలే ఖాళీ 57.6 సీసీ, 9.5 కావాలంటే 52.9 సీసీ. అంటే తగ్గించాల్సింది 4.7 సీసీ మాత్రమే. గ్యాస్కెట్ మందం, పిస్టన్ గుంట కూడా ఆ ఖాళీలోనివే. బ్యూరెట్‌తో (గీతలున్న గాజు గొట్టంతో) కొలిచి, ఆ తర్వాత మెషిన్ మీదికి పంపండి.

అపోహ: ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే పవర్ పెరుగుతుంది. పెరగదు. టైమింగ్ చెదరకుండా ఉంటుంది, అదీ విలువైనదే. కానీ సాగిన స్ప్రింగుల మీద పెడితే పాత తప్పే కొనసాగుతుంది. మాడ్యూల్ అడిగిన కాయిల్ 3 ఓమ్‌లదా, 1.5 ఓమ్‌లదా చూసుకోండి.

అపోహ: కొత్త కామ్‌కు పాత టాపెట్లు చాలు. చాలవు. కొన్ని నిమిషాల్లోనే రెండూ అరిగిపోగలవు. కొత్త టాపెట్లు వేసి, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, మొదటి స్టార్ట్‌లోనే 2,000 - 2,500 మధ్య ఇరవై నిమిషాలు నడపాలి. ఐడ్లింగ్‌లో వదలొద్దు.

చివరిగా, ఆయిల్ ప్రెషర్ గురించి కంగారు పడేవాళ్లకు. వేడెక్కాక ఐడ్లింగ్‌లో సూది 15 - 25 పి.ఎస్.ఐ.కి దిగడం ఈ ఇంజిన్‌కు మామూలే. నడిచేటప్పుడు 50 - 80 మధ్య ఉంటే నిశ్చింతగా నడపండి. ఆ వేగంలోనూ 40 దాటకపోతే ముందు సరైనదని తెలిసిన మరో గేజ్ బిగించి చూడండి, తర్వాత రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ చూడండి. అవి రెండూ బాగున్నాయని తేలాకే సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) విప్పండి.