లేసిక్: ఒకచోట ‘వద్దు’ అన్నారని ఇంకోచోటికి పరిగెత్తే ముందు

సోమవారం పొద్దున్నే ఒకమ్మాయి వచ్చింది. వెంట వాళ్లమ్మ. చేతిలో ఫైలు లేదు. "ఇంతకుముందు ఎక్కడైనా లేసిక్ టెస్టులు చేయించారా?" అంటే తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని "లేదండీ" అన్నారు. మెషీన్ ముందు కూర్చోమన్నాను. నేను నోరు తెరిచేలోపే గడ్డం ఆనించి, నుదురు పట్టీకి అదిమి, కళ్లు పెద్దవి చేసి, రెప్ప కొట్టకుండా లోపలి వెలుగువంక చూస్తోంది. మొదటిసారి వచ్చినవాళ్లు అలా కూర్చోరు. గడ్డం ఎక్కడ పెట్టాలో తెలీక తడుముకుంటారు, "ఇటు చూడండి" అంటే నావంక చూస్తారు.

"ఇది ఎన్నో హాస్పిటలమ్మా?" అన్నాను.

"మూడోది మేడమ్" అంది చిన్నగా.

నేను సర్జన్‌ని కాదు, కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్ట్‌ని. లేసిక్ అంటే కళ్లజోడు అవసరం పోయేలా కంటి పవర్‌ని లేజర్‌తో సరిచేసే ఆపరేషన్. ఆ లేజర్ వేసేది డాక్టర్‌గారు. వేయొచ్చో లేదో తేల్చే టెస్టులన్నీ చేసేది మా చీకటి గదిలో. పద్నాలుగేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో నేను విన్న అపోహల్లో చాలావరకు నవ్వి ఊరుకోదగ్గవే. ఒక్కటి మాత్రం కళ్లు పోగొడుతుంది. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: టెస్టులు ఉత్త ఫార్మాలిటీ. ఒకచోట కాదంటే ఇంకోచోట చేస్తారు.

చేయరని నేననను. వెతుక్కుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు సరే అనొచ్చు. నా భయమల్లా అదే.

కంటి ముందుండే అద్దం లాంటి పొర కార్నియా. దాని మందం మామూలుగా 540 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అంటే అర మిల్లీమీటరు, కాస్త పైన. లేసిక్‌లో పైన 100 నుంచి 120 మైక్రాన్ల పొరను మూతలా లేపి, కింద లేజర్‌తో చెక్కి, మూత మళ్లీ పరుస్తారు. ఒక్కో పవర్‌కి సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు పోతాయి. చెక్కగా మిగిలిన భాగం ఎంత తక్కువన్నా 250 ఉండాలి. 300 ఉంటే తప్ప ధైర్యం చేయని సర్జన్లు బోలెడుమంది. ఈ లెక్క మీరూ వేసుకోవచ్చు. మందం 500, పవర్ మైనస్ 7 అనుకోండి. మూతకి 110, చెక్కడానికి 98 పోతే మిగిలేది 292. బొటాబొటి. పైగా మూత మళ్లీ అతుక్కున్నా పాత బలం రాదు కాబట్టి, ఈ కార్నియాలో 208 మైక్రాన్లు లేనట్టే లెక్క. మొత్తం మందంలో 40 శాతం దాటింది. మా డాక్టర్‌గారైతే ఇక్కడే పెన్ను కింద పెట్టేస్తారు.

ఇంతవరకు ఇప్పుడు అందరికీ తెలుసు. యూట్యూబ్ పుణ్యమా అని మైక్రాన్లు అడిగి మరీ రాసుకుంటున్నారు. చిక్కల్లా ఆ తర్వాతే. "మా ఫ్రెండ్‌ది 505 అయినా చేశారు, నాది 548, నాకెందుకు చేయరు?" అని గొడవ పెట్టుకుంటారు. మందం ఒక్కటే చూస్తే సరిపోదు, ఆకారం చూడాలి. ఆ మాటకొస్తే ఆకారమే ముందు చూడాలి.

రెండేళ్ల కిందట సూర్యాపేట వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. 548 అన్న అంకె పట్టుకుని నాతో వాదించింది అతనే. కార్నియా ఆకారాన్ని రంగుల్లో చూపే మ్యాప్‌లో పైభాగమంతా ఆకుపచ్చగా, కింద ఒక మూల మాత్రం నారింజ రంగు మచ్చ, అంటే అక్కడ వంపు ఎక్కువ. వెనకవైపు మ్యాప్‌లో సరిగ్గా అదే చోట ఉబ్బు. కార్నియా పల్చబడి ముందుకు ఉబ్బుకొచ్చే జబ్బు కెరటోకోనస్. అది మొదలయ్యేది ఇలాగే. చాలాసార్లు వెనకవైపు ముందు తెలుస్తుంది, ముందువైపు పై పొర సర్దుకుని దాన్ని కప్పేస్తుంది. ఇదంతా చెప్తున్నా కుర్రాడి తలకెక్కడం లేదు. వాళ్ల నాన్నగారిని లోపలికి పిలిచాను. ఆయనకి హైవే మీద టైర్ల షాపు. స్క్రీన్ చూపించి, "టైరు కొత్తదేనండీ, అరుగుదల కూడా లేదు, కానీ పక్కన ఇదిగో ఇక్కడ ఉబ్బింది" అన్నానో లేదో, ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఇంక చాలమ్మా. ఆ టైరుతో లోడెత్తితే ఏమవుద్దో నాకు తెలుసు. పదరా ఇంటికి" అన్నాడు.

ఉబ్బిన కార్నియాని ఇంకా పల్చన చేస్తే అది లోపలి ఒత్తిడికి ముందుకు తోసుకొస్తుంది. ఆపరేషన్ అయిన కొత్తలో 6/6 కనిపిస్తుంది, హాస్పిటల్‌కి స్వీట్లు కూడా తెస్తారు. తర్వాత నెలలకో, ఏళ్లకో చూపు వంకరపోతుంది. దీపం చుట్టూ తోకలు, అక్షరం కింద ఇంకో అక్షరం. ఈసారి కళ్లజోడుతో సరిపడదు. కార్నియాని గట్టిపరిచే సీత్రీఆర్, గట్టి లెన్సులు, అవీ చాలకపోతే కార్నియా మార్పిడి. ఒకప్పుడు మైనస్ 4 కళ్లజోడుతో శుభ్రంగా చదివిన కళ్లవి. అది గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఇక రిపోర్టులు దాచడం. ఆ అమ్మాయి సంగతికి వస్తాను. వాళ్లమ్మ ఫోన్ తీసి, గ్యాలరీలో కిందికి కిందికి జరిపి, మొదటి హాస్పిటల్ మ్యాప్ ఫొటో చూపించింది. ఎనిమిది నెలల కిందటిది. కార్నియా వంపు అత్యధికంగా 46.2 ఉంది. నా మెషీన్‌లో ఇప్పుడు 47.6. కళ్లజోడు మార్చే మనిషికి ఈ తేడా ఒక లెక్కలోకి రాదు. నాకు మాత్రం రక్తం చల్లబడింది. ఏడాది తిరక్కుండా ఒకటి దాటి పెరిగిందంటే కెరటోకోనస్ ముదురుతున్నట్టు. లేసిక్ సంగతి దేవుడెరుగు, ముందు ఈ పెరుగుదలని ఆపాలి. డాక్టర్‌గారు సీత్రీఆర్ రాశారు. ఆ పాత ఫొటో లేకపోతే "అనుమానంగా ఉంది, ఆరు నెలలాగి రండి" అని పంపేవాళ్లం. ఆ ఆరు నెలల్లో ఇంకెంత పోయేదో.

కాబట్టి మీ పాత రిపోర్టు దాచకండి. అది చూసి మేమూ కాదంటామని మీ భయం. మాకు రెండు మ్యాపులు పక్కపక్కన పెట్టుకోవడాన్ని మించిన ఆధారం లేదు. ఇంకో డాక్టర్ అభిప్రాయం కావాలంటే హాయిగా తీసుకోండి, పాత ఫైలు చేత్తో పట్టుకుని వెళ్లండి.

ఇంకోటి. ఆ అమ్మాయి కూర్చున్న ఇరవై నిమిషాల్లో నాలుగుసార్లు కళ్లు నులుముకుంది, పిడికిలి వేళ్ల కణుపులతో, గట్టిగా. దుమ్ము పడదట, చిన్నప్పట్నుంచీ అంతేనట. కెరటోకోనస్ వచ్చేవాళ్లలో ఈ అలవాటు తరచూ చూస్తాం, ఉన్న జబ్బుని ముదరబెడుతుంది కూడా. దురదకి చుక్కలున్నాయి, డాక్టర్‌ని అడిగి వాడండి. చేతులు మాత్రం కంటి దగ్గరికి పోనీకండి. ఇంట్లో ఒకరికి కెరటోకోనస్ ఉందని తేలితే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ కూడా మ్యాప్ తీయించండి.

వాళ్లమ్మ బయటికి వెళ్తూ నా దగ్గర ఆగి, "సంబంధం కుదిరిందమ్మా, మాఘంలో ముహూర్తం. కళ్లజోడు సంగతి వాళ్లకింకా చెప్పలేదు" అంది గొంతు తగ్గించి. పెళ్లిళ్ల సీజన్ ముందు మా వెయిటింగ్ హాలు సగం ఇలాంటివాళ్లతోనే నిండుతుంది. వాళ్లని చూస్తే కోపం రాదు, జాలేస్తుంది. ‘రిజెక్ట్ చేశారు’ అని ఏడుస్తారు, పెళ్లిచూపుల్లో కాదన్నట్టు. ఆ మాట మా స్టాఫ్ కూడా వాడితే ఊరుకోను. కన్నుకి సరిపడదంటే మనిషిని కాదన్నట్టు కాదు కదా.

కార్నియా పల్చనగా ఉందని లేసిక్ వద్దన్నవాళ్లలో కొందరికి ఐసీఎల్ సరిపోవచ్చు. కార్నియాని చెక్కకుండా కంటి లోపలే లెన్స్ అమర్చడం. దాని టెస్టులు వేరు, ఖర్చు ఎక్కువ, లోపల చోటు చాలాలి. అదీ కుదరకపోతే కళ్లజోడుంది. అదేమంత శిక్ష?

‘అంత మంచిదైతే మీరెందుకు చేయించుకోలేదు మేడమ్?’

నా మైనస్ 5 కళ్లజోడు చూసి రోజుకొకరైనా అడుగుతారు. కళ్ల డాక్టర్లే కళ్లజోళ్లు పెట్టుకుంటారు కాబట్టి ఇందులో ఏదో మోసం ఉందని వీళ్ల లాజిక్. నాది చెప్తాను. ట్రైనింగ్‌లో ఉండగా కొత్త మెషీన్ వచ్చింది. చేయి తిరగడానికి ఒకరి కళ్లు ఒకరం స్కాన్ చేసుకుంటున్నాం. నా కుడికన్ను ఆకుపచ్చగా వచ్చింది. ఎడమకన్ను మ్యాప్ రాగానే గదిలో జోకులు ఆగిపోయాయి. కింద నారింజ మచ్చ. ఆ నెలాఖరుకి లేజర్ చేయించుకుందామని చీటీ కట్టి మరీ డబ్బు దాచుకున్నాను. ఏటా సంక్రాంతికి ముందు స్కాన్ చేసుకుంటాను, ఇప్పటిదాకా కదల్లేదు. చీటీ డబ్బుతో అమ్మకి గాజులు చేయించాను. నా పక్క గదిలో కూర్చునే సర్జన్ మాత్రం ఇరవయ్యారేళ్లప్పుడే పీఆర్‌కే (మూత లేపకుండా చేసే లేజర్) చేయించుకున్నారు.

మిగతావి గబగబా

లేజర్ కన్నుని కాల్చేస్తుందట. ఇందులో వాడే ఎక్సైమర్ లేజర్ 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం. చుట్టుపక్కల కాల్చకుండా తాకినచోట మాత్రమే పొరలు పొరలుగా లేపేస్తుంది. జీవకణజాలం మీద ఇది పనిచేస్తుందని 1981లో అమెరికాలో ఐబీఎం ల్యాబులో కనిపెట్టిన బృందంలో మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్‌గారు ఉన్నారు. పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ప్రయోగం చేశారు. ఆపరేషన్ టేబుల్ మీద మీకు కాలిన వెంట్రుకల లాంటి వాసన వస్తే హడలిపోకండి, అది మామూలే.

కన్ను ఆర్పితే? ఆర్పలేరు, రెప్పలకి క్లిప్ ఉంటుంది. నొప్పి తెలియకుండా చుక్కలేస్తారు, ఇంజెక్షన్ కాదు. కన్ను కదిలితే మెషీన్ వెంబడిస్తుంది, మరీ పక్కకి పోతే ఆగిపోతుంది. భయమేస్తే ముందే చెప్పండి. ఒకబ్బాయి పదకొండు ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాసుకొచ్చాడు, నాకు అలాంటివాళ్లే ఇష్టం.

చేయించుకుంటే జన్మలో కళ్లజోడు అక్కర్లేదనేది తప్పు. నలభై దాటాక చత్వారం వస్తుంది, పేపరు చదవడానికి అద్దాలు కావాలి. లేసిక్‌కీ దానికీ సంబంధం లేదు. ‘సైట్ మళ్లీ వస్తుందట’ అనేదాంట్లో కొంత నిజం ఉంది, ముఖ్యంగా పవర్ నిలవకముందే తొందరపడి చేయించుకున్నవాళ్లకి. పద్దెనిమిది నిండాలి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ ఆగాలి. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుంటుంటే తప్పకుండా చెప్పండి, కళ్లు పొడిబారతాయి. పొడికళ్లు ఆపరేషన్ తర్వాత చాలామందికి కొన్ని నెలలు ఉంటాయి, చుక్కలు వేసుకోవాల్సిందే.

నంబరు పోయింది కదా అని రెటీనా చెకప్ మానకండి. లేజర్ కంటి ముందరి అద్దాన్ని, అంటే కార్నియాని, సరిచేస్తుందంతే. మైనస్ పవర్ ఉన్నవాళ్లలో సాగిన కనుగుడ్డు, దాంతోపాటు లోపలి రెటీనా, సాగినట్టే ఉంటాయి.

స్మైల్, ఫెమ్టో, పీఆర్‌కే అని లేజర్ పద్ధతులు రకరకాలు, వీటిలో ఖరీదైనదే మంచిదని కాదు. మీ కన్నుకి ఏది నప్పుతుందో అది. ఇన్సూరెన్స్ వస్తుందా అంటారు. హెల్త్ పాలసీల్లో 7.5 కంటే తక్కువ పవర్‌కి సాధారణంగా కవర్ ఉండదు, ఆపై ఉంటే పాలసీ కాగితం చదివి అడగండి. పోలీసు, ఆర్మీ ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు నోటిఫికేషన్‌లో మెడికల్ రూల్స్ చూసుకున్నాకే రండి. ఆపరేషన్ ముందరి రిపోర్టులు పారేయకండి. అరవై ఏళ్లకి శుక్లాల ఆపరేషన్‌లో లెన్స్ నంబరు లెక్కకట్టేటప్పుడు అవి పనికొస్తాయి.

టెస్టుకి వచ్చేముందు కాంటాక్ట్ లెన్సులు ఆపాలి. మెత్తనివైతే కనీసం వారం, రెండు వారాలైతే ఇంకా మంచిది. గట్టివైతే మూణ్నాలుగు వారాలు. లెన్స్ నొక్కిన కార్నియా అసలు ఆకారం చూపించదు. "పొద్దున్నే తీసేశాను మేడమ్" అంటే వెనక్కి పంపిస్తాను, ఎంత దూరం నుంచి వచ్చినా సరే.

బైక్ మీద రాకండి. కంటిపాప పెద్దదవడానికి చుక్కలేస్తాం, కొన్ని గంటలు వెలుతురు భరించలేరు, చూపు మసగ్గా ఉంటుంది. పోయిన గురువారం ఒక కుర్రాడు, ఫోన్‌లో రెండుసార్లు చెప్పినా, పల్సర్ వేసుకుని వచ్చాడు. తాళాలు రిసెప్షన్‌లో పెట్టించుకున్నాం. సాయంత్రం అయిదింటిదాకా హాల్లో కర్చీఫ్ కళ్ల మీద కప్పుకుని కూర్చుని, గంటకోసారి తలుపు తోసి అడుగుతున్నాడు: "మేడమ్, ఫోన్‌లో అక్షరాలు కనిపించట్లేదు, నాకు సైట్ పెరిగిందా?"