జ్వరం తర్వాత గుండె దడ: అపోహలు – వాస్తవాలు

కోనసీమ ఊళ్లలో దగ్గు, జ్వరాలు ఇల్లిల్లూ చుట్టేసిన రెండు మూడు వారాలకు మా ఓపీలో గుండె దడతో వచ్చేవారు పెరుగుతారు. వారిలో చాలామంది ఈసీజీ కాగితం చేతికిచ్చి, "నార్మల్ అన్నారండి, ఇంక భయం లేదు కదండీ" అని అడుగుతారు.

అపోహ: ఈసీజీ నార్మల్‌గా ఉంటే గుండె లయలో తేడా లేనట్లే.

వాస్తవం: మామూలు ఈసీజీలో నమోదయ్యేది దాదాపు 10 సెకన్ల గుండె లయ మాత్రమే. లయ తప్పడం చాలామందిలో వచ్చి పోతూ ఉంటుంది కనుక, తీసిన సమయంలో అది లేకపోతే కాగితం శుభ్రంగానే కనిపిస్తుంది. ఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్, కోవిడ్ వంటివి సోకిన కొద్దిమందిలో గుండె కండరం వాస్తుంది. ఆ వాపులో, అంటే మయోకార్డైటిస్‌లో, గుండె కింది గదుల్లో పుట్టే వేగపు లయ ప్రాణాల మీదికి తేగలదు. అందువల్ల దడతోపాటు స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, నాలుగు మెట్లకే ఆయాసపడినా వెంటనే ఆసుపత్రికి రావాలి. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే తెలిపే రక్తపరీక్ష), ఎకో (గుండె స్కాన్), కనీసం 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించి గుండె లయను ఆపకుండా నమోదు చేసే చిన్న యంత్రం) చూడనిదే ఏమీ లేదని తేల్చకూడదు.

కొబ్బరి దింపు తీసే ఒక యువకుడు జ్వరం తగ్గీ తగ్గకముందే పనిలోకి వెళ్లి, చెట్టు మొదట్లోనే కళ్లు తిరిగి పడిపోయాడు. ఈసీజీ బాగుంది, నీరసమేనని చెప్పి పంపేశారట. తల్లికి మనసొప్పక మా దగ్గరకు తీసుకువచ్చింది. హోల్టర్‌లో ఆ ప్రమాదకరమైన లయ పదేపదే కనిపించింది. చెట్టు పైనుండగా అదే జరిగితే ఏమయ్యేదో ఆ తల్లికి ఎవరూ చెప్పనక్కరలేదు. మయోకార్డైటిస్ అని తేలినవారు సాధారణంగా 3 నుంచి 6 నెలలు బరువు పనులకు దూరంగా ఉండాలి. దింపు కూలితో నడిచే ఇంటికి అది ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను. డాక్టరు మళ్లీ పరీక్షించి సరేననే దాకా చెట్టెక్కకూడదు.

అపోహ: దడ వచ్చిందంటే గుండెపోటే.

వాస్తవం: కాదు. జ్వరం తర్వాతి దడ ఎక్కువమందిలో నీరసం, ఒంట్లో నీరు తగ్గడం, రక్తహీనత, ఆందోళనల వల్ల వచ్చి, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. రాత్రంతా నాడి పట్టుకుని కూర్చునేవారి భయం నాకు తెలుసు. ఒక్కసారి సరిగా పరీక్ష చేయించుకుని నిశ్చింతగా నిద్రపోండి.

అపోహ: ఇదంతా కోవిడ్ టీకా వల్లే.

వాస్తవం: ఈ పుకారు ఇకనైనా ఆగాలి. మయోకార్డైటిస్‌తో అరుదుగా ముడిపడినవి ప్రధానంగా ఫైజర్, మోడెర్నా వంటి ఎంఆర్‌ఎన్‌ఏ రకం టీకాలు. మన దగ్గర అత్యధికులు వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ ఆ రకానివి కావు.

అపోహ: జ్వరానికి వాడిన మందులకూ దడకూ సంబంధం లేదు.

వాస్తవం: అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొందరిలో గుండె లయను ప్రమాదకరంగా మార్చగలదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది, పైగా అది వైరస్ జ్వరాన్ని తగ్గించే మందు కాదు. వాంతులు, విరేచనాలతో పొటాషియం పడిపోయినవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. కనుక ఓపీకి వచ్చేటప్పుడు ఈసీజీతోపాటు, ఆర్‌ఎంపీ ఇచ్చినవైనా సరే, వాడిన మాత్రల ఖాళీ షీట్లన్నీ వెంట తీసుకురండి.