స్టాంకోవిచ్ ఆడింది మూడు దేశాలకా?

మూడు వేర్వేరు దేశాల తరఫున ప్రపంచకప్ ఆడిన ఏకైక ఆటగాడెవరు? ఫుట్‌బాల్ క్విజ్‌లలో అరిగిపోయిన ప్రశ్న. జవాబు దెయాన్ స్టాంకోవిచ్: 1998లో యుగోస్లావియా, 2006లో సెర్బియా-మాంటెనెగ్రో, 2010లో సెర్బియా. ఇది వింటే ఎవరో పాస్‌పోర్టులు మార్చుకుంటూ తిరిగిన మనిషి అనిపిస్తుంది. ఈ బెల్‌గ్రేడ్ మిడ్‌ఫీల్డర్ మాత్రం ఏ దేశమూ మారలేదు.

అతను పుట్టిన 1978 నాటికి యుగోస్లావియా ఆరు రిపబ్లిక్‌ల సమాఖ్య. 1991-92లో నాలుగు విడిపోయాయి. మిగిలిన సెర్బియా, మాంటెనెగ్రో కలిసి పాత పేరునే పెట్టుకున్నాయి. బోస్నియా యుద్ధం కారణంగా ఐక్యరాజ్యసమితి ఆంక్షలు విధించడంతో 1992 యూరో (యూరప్ దేశాల టోర్నీ) మొదలయ్యే ముందు యుగోస్లావియా జట్టును బయటికి పంపేశారు. ఆ చోటులో వచ్చిన డెన్మార్క్ ఏకంగా కప్పే కొట్టింది. 1994 ప్రపంచకప్ క్వాలిఫయర్లకూ నిషేధమే. 1991లో యూరప్ విజేతగా నిలిచిన బెల్‌గ్రేడ్ క్లబ్ రెడ్ స్టార్ నుంచి పేరున్న ఆటగాళ్లంతా విదేశాలకు వెళ్లిపోయారు. అలా ఖాళీ అయిన క్లబ్‌లో ఎదిగిన స్టాంకోవిచ్, ఇరవై నిండకుండానే కెప్టెన్ అయ్యాడు. 1998 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాపై తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే రెండు గోల్స్ చేశాడు. ఆ వేసవిలోనే ప్రపంచకప్, ఆ వెంటనే ఇటలీ క్లబ్ లాజియో.

లాజియోతో 2000లో లీగ్ టైటిల్, 2004లో మిలాన్ క్లబ్ ఇంటర్‌కు మారాక 2010లో యూరప్ క్లబ్‌ల కప్ అయిన చాంపియన్స్ లీగ్. అయినా ఇటలీలో అతని పేరెత్తితే గుర్తొచ్చేది 2011 ఏప్రిల్‌లో జర్మన్ క్లబ్ షాల్కేపై కొట్టిన గోల్. గోల్‌కీపర్ నోయర్ ముందుకు పరుగెత్తుకొచ్చి తలతో బంతిని బయటికి కొట్టాడు. మైదానం మధ్యలో ఉన్న స్టాంకోవిచ్ దాన్ని నేల తాకనివ్వకుండానే తన్నాడు. అది నేరుగా ఖాళీ గోల్‌లో పడింది. అప్పటికి మ్యాచ్ మొదలై నిమిషం కూడా కాలేదు. ఇంటర్ ఆ మ్యాచ్ 5-2తో ఓడిందన్నది చాలామందికి గుర్తుండదు.

అసలు విచిత్రం 2006ది. దేశం పేరు 2003లోనే సెర్బియా-మాంటెనెగ్రో అయింది. 2006 మే 21న మాంటెనెగ్రోలో రిఫరెండం జరిగింది. విడిపోవడానికి 55 శాతం ఓట్లు కావాలి, 55.5 వచ్చాయి. జూన్ 3న స్వాతంత్ర్యం ప్రకటించారు. జూన్ 9న ప్రపంచకప్. అప్పటికే లేకుండా పోయిన దేశం జెండాతో జట్టు జర్మనీలో దిగింది. అందులో మాంటెనెగ్రో వాడు గోల్‌కీపర్ యెవ్రిచ్ ఒక్కడే. గాయపడిన ఫార్వర్డ్ వుచినిచ్ స్థానంలో కోచ్ పెట్కోవిచ్ సొంత కొడుకునే తీసుకోవడంతో దుమారం రేగింది. ఆ అబ్బాయి తప్పుకున్నాడు. జట్టు 22 మందితోనే మిగిలింది.

క్వాలిఫయర్లలో పది మ్యాచ్‌ల్లో ఒక్క గోలే ఇచ్చిన ఈ జట్టు అర్జెంటీనా చేతిలో 6-0తో చిత్తయింది. తప్పంతా దేశ విభజన మీదకు నెట్టడం తేలికే కానీ, నాకది పూర్తిగా నమ్మబుద్ధి కాదు. ఇరవైకి పైగా పాస్‌ల తర్వాత పడిన ఆ రెండో గోల్‌ను ఏ డిఫెన్స్ ఆపగలిగేది? అది కొట్టిన కాంబియాసో, ఇంటర్‌లో స్టాంకోవిచ్ సహచరుడే.

2010లో కెప్టెన్‌గా జర్మనీని 1-0తో ఓడించినా, ఘనా, ఆస్ట్రేలియాలతో ఓడి సెర్బియా గ్రూప్ దశలోనే ఇంటికెళ్లింది.

రెండు దేశాలకు ప్రపంచకప్ ఆడిన మరో మిడ్‌ఫీల్డర్ ప్రోసినెచ్కిది వేరే కథ. అతను 1990లో యుగోస్లావియాకు, 1998లో దాన్నుంచి విడిపోయిన క్రొయేషియాకు గోల్స్ చేశాడు. స్టాంకోవిచ్ విషయంలో ఫిఫా సెర్బియాను పాత జట్టుకు వారసురాలిగానే చూస్తుంది. అందుకే 2013 అక్టోబర్‌లో నోవి సాడ్‌లో జపాన్‌పై పది నిమిషాలు ఆడి వీడ్కోలు తీసుకున్నప్పుడు, అది ఒకే ఖాతాలో 103వ మ్యాచ్‌గా నమోదైంది.