హెవీవెయిట్ ఛాంపియన్లలో ఎవరు గొప్ప? కొన్ని అపోహలు, వాస్తవాలు

బాక్సింగ్ నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చే పిల్లలు చేతులకు పట్టీలు చుట్టుకుంటూ తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, అలీ గొప్పా, మార్సియానో గొప్పా, టైసన్ గొప్పా?" వారి వాదనలన్నీ ఫోన్లో చూసిన నాకౌట్ల మీద, గెలుపోటముల పట్టిక మీద నడుస్తాయి. ఆ పట్టికను ఎలా చదవాలో చెప్పవలసిన బాధ్యత శిక్షకులదే.

అపోహ: ఒక్కసారి కూడా ఓడనివాడే అందరికన్నా గొప్పవాడు.

వాస్తవం: రాకీ మార్సియానో ఆడిన 49 బౌట్లూ గెలిచి, అందులో 43 నాకౌట్లు చేసి, 1956లో తప్పుకున్నాడు. 1952లో అప్పటి ఛాంపియన్ వాల్కాట్‌తో బౌట్‌లో మొదటి రౌండులోనే కిందపడి, పాయింట్లలో వెనకబడి కూడా, 13వ రౌండులో ఒకే ఒక్క కుడిచేతి పంచ్‌తో టైటిల్ గెలుచుకున్న ఆ మనిషిని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. అయితే 1951లో అతడు ఓడించిన మాజీ ఛాంపియన్ జో లూయిస్‌కు అప్పటికే 37 ఏళ్లు. మార్సియానో టైటిల్‌ను 6 సార్లు నిలబెట్టుకుంటే, లూయిస్ 25 సార్లు నిలబెట్టుకున్నాడు. జాబ్ (ముందుచేత్తో తిన్నగా వేసే పంచ్) కొట్టిన వెంటనే ఎడమచెయ్యి కిందికి జారిపోయే అలవాటు వల్ల 1936లో జర్మన్ బాక్సర్ ష్మెలింగ్ చేతిలో ఓడిన లూయిస్, రెండేళ్ల తర్వాత అదే ష్మెలింగ్‌ను 124 సెకన్లలో పడగొట్టాడు. ఓటమిని అలా దిద్దుకోవడం ఏ అజేయ రికార్డుకూ తీసిపోదని నా అభిప్రాయం.

అపోహ: మొదటివాడు రెండోవాడిని, రెండోవాడు మూడోవాడిని ఓడిస్తే, మొదటివాడు మూడోవాడిని కూడా ఓడించి తీరుతాడు.

వాస్తవం: ఈ లెక్క 1970లలోనే తప్పిపోయింది. 1971 మార్చి 8న అప్పటి ఛాంపియన్ జో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఫ్రేజియర్‌ను ఆరుసార్లు పడగొట్టాడు. 1974లో కిన్షాసాలో అదే ఫోర్‌మన్‌ను అలీ 8వ రౌండులో నాకౌట్ చేశాడు.

కారణం శైలిలో ఉంది. అలీకి పంచ్ వస్తే కిందికి వంగకుండా తలను నిటారుగా వెనక్కి లాక్కునే అలవాటు ఉండేది. ఫ్రేజియర్ నడుము వంచి, ఊగుతూ లోపలికి చొచ్చుకొచ్చి, కింది నుంచి వేసే ఎడమ హుక్‌కు (పక్కగా వంపు తిరిగి వచ్చే పంచ్) ఆ వెనక్కి వెళ్లిన దవడ సరిగ్గా అందేది. 1971 బౌట్ 15వ రౌండులో అలీని వెల్లకిలా పడేసింది ఆ హుక్కే. కానీ అలా వంగి ముందుకొచ్చే తలే ఫోర్‌మన్ అప్పర్‌కట్‌కు (కింది నుంచి గడ్డం మీదికి లేచే పంచ్) ఎదురెళ్లింది; ఫోర్‌మన్ రెండు చేతులతో భుజాలను నెట్టి, కావలసినంత దూరం చేసుకుని మరీ కొట్టాడు. ఇక ఫోర్‌మన్ చేతులు వెడల్పుగా చుట్టి వచ్చేలోపు అలీ కుడిచెయ్యి తిన్నగా వెళ్లి ముందే తగిలేది. మా రింగులో పొట్టి కుర్రాడిని వంగి రమ్మని, పొడుగు కుర్రాడిని అతని భుజాలు నెట్టమంటే, ఒక్క నిమిషంలో అందరికీ ఇది అర్థమవుతుంది.

అపోహ: కిన్షాసాలో అలీ తాళ్లకు ఆనుకుని దెబ్బలు తిన్నాడు, ఫోర్‌మన్ అలసిపోయాడు, అంతే.

వాస్తవం: మొదటి రౌండులో అలీ జాబ్ లేకుండానే నేరుగా కుడిచేత్తో కొట్టాడు. తాళ్ల మీద ఉన్నప్పుడు కూడా ప్రత్యర్థి మెడను కిందికి అదుముతూ, సందు దొరికినప్పుడల్లా పంచ్‌లు వేస్తూనే ఉన్నాడు. అంతకుముందు ఫోర్‌మన్ ఆడిన మూడు టైటిల్ బౌట్లూ రెండో రౌండు దాటలేదన్నది, అంటే ఎక్కువ రౌండ్లు ఆడే అలవాటు అతనికి తగ్గిందన్నది, అలీ జట్టుకు తెలిసిన విషయమే. తాళ్లకు ఆనుకునే ఈ పద్ధతిని అనుకరించబోయే పిల్లలను నేను గట్టిగా వారిస్తాను.

అపోహ: నేటి భారీ బాక్సర్ల ముందు పాతవాళ్లు నిలవలేరు.

వాస్తవం: మార్సియానో నేడైతే క్రూయిజర్‌వెయిట్‌లో (హెవీవెయిట్ కన్నా తక్కువ బరువు విభాగం) ఆడవలసినవాడే, అది నిజం. అయినా 2024లో తనకన్నా సుమారు 17 కిలోలు ఎక్కువున్న బ్రిటన్ బాక్సర్ ఫ్యూరీని ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ ఓడించాడు.

అపోహ: ఫ్రేజియర్ అలీ కథలో ఒక పాత్ర మాత్రమే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇది. ఫ్రేజియర్ జీవితమంతా కలిపి ఓడింది నాలుగుసార్లు. ఓడించింది ఇద్దరే, అలీ రెండుసార్లు, ఫోర్‌మన్ రెండుసార్లు. 1975లో మనీలాలో 14 రౌండ్లు ముగిసేసరికి అతని కళ్లు దాదాపు మూసుకుపోయి, ఎదుటి నుంచి వచ్చే కుడి పంచ్‌లు కనిపించని స్థితి వచ్చింది. శిక్షకుడు ఎడ్డీ ఫచ్ బౌట్ ఆపేశాడు. ఫ్రేజియర్ మాత్రం ఇంకొక రౌండు ఆడతానని పట్టుబట్టాడు.