ఎవరి వెనుక ఎవరు: ఆశు ప్రదర్శనలో నృత్యం, సంగీతం, వీడియో

నాట్యకారులు, వాద్యకారులు, వీడియో కళాకారులు ముందుగా ఏదీ ఖాయం చేసుకోకుండా ఒకే వేదికపై అప్పటికప్పుడు కలిసి అల్లే ప్రదర్శనల్లో ఒక ప్రశ్న ఎప్పటికీ తెగదు: ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారు? వాద్యకారుడు ఒక స్వరం దగ్గర ఆగితే నాట్యకారిణి ఆ విరామాన్ని అందుకుంటుంది. ఆమె ఊపిరి బిగబట్టిన క్షణాన్ని అతడూ పసిగడతాడు. తెర మీది బొమ్మకు ఆ వెసులుబాటు లేదు. అది పెద్దది, వెలుగుతూ ఉంటుంది, ప్రేక్షకుల చూపును తనవైపు లాగేసుకుంటుంది. పైగా తెరకు వీపు పెట్టి ఆడుతున్న మనిషికి అది కనిపించదు. బొమ్మ బాగా కనబడాలంటే చీకటి కావాలి, ఒళ్లు కనబడాలంటే వెలుగు కావాలి. ఈ పరిస్థితిలో వీడియో మూడో భాగస్వామి కాగలదా, లేక కదిలే రంగాలంకరణగానే మిగులుతుందా అన్న వాదం వీడియో కన్నా పాతది.

1952 వేసవిలో అమెరికాలోని నార్త్ కరోలినాలో, బ్లాక్ మౌంటెన్ కాలేజీ భోజనశాలలో, స్వరకర్త జాన్ కేజ్ ఒక పేరులేని కార్యక్రమం జరిపించారు. డేవిడ్ ట్యూడర్ పియానో వాయించారు, మెర్స్ కనింగ్‌హమ్ నర్తించారు, కవులు చదివారు, రాబర్ట్ రౌషెన్‌బర్గ్ తెల్లని చిత్రపటాలు పైన వేలాడాయి, బొమ్మలు ప్రొజెక్టర్ నుంచి వచ్చి పడ్డాయి. ఒక్కొక్కరికి ఇచ్చింది కొంత కాలవ్యవధి మాత్రమే. అందులో ఏం చేయాలన్నది వారి ఇష్టం. దీన్ని మూడు కళల ఆశు సమ్మేళనానికి పుట్టుకగా చెప్పుకోవడం పరిపాటి, కానీ నాకు అది సగం నిజంగానే కనిపిస్తుంది. ఆశువుగా వాయించేవాడు తన అలవాట్లకూ అభిరుచికీ తిరిగి వెళ్తాడన్న అనుమానం కేజ్‌కు చాలాకాలం ఉంది. ఆయన నమ్మింది యాదృచ్ఛికతను. కనింగ్‌హమ్‌తో కలిసి ఆయన స్థిరపరచిన పద్ధతిలో నృత్యం, సంగీతం వేర్వేరుగా తయారై, తరచుగా ప్రదర్శన రోజునే మొదటిసారి కలుసుకునేవి. ఒకటి మరొకదానికి తాళం వేయాల్సిన పని తప్పింది. అది పెద్ద విముక్తే, సందేహం లేదు. అయితే పక్కపక్కన స్వేచ్ఛగా ఉండటం వేరు, ఒకరి మాట ఒకరు వినడం వేరు.

1965 జులైలో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో వీరే ప్రదర్శించిన ‘వేరియేషన్స్ 5’లో పరికరాల లంకె నర్తకుల దేహాల దాకా వచ్చింది. వేదిక మీద నిలబెట్టిన యాంటెనాలు, కాంతిని పసిగట్టే ఫొటోసెల్‌లు నర్తకుల కదలికకు స్పందించి శబ్దాలను రేపేవి. వాటిని వినిపించాలా, అణచాలా, మార్చాలా అన్నది పరికరాల ముందున్న సంగీతకారులు తేల్చేవారు. వెనుక స్టాన్ వాండర్‌బీక్ సినిమా ముక్కలు, నామ్ జూన్ పాయిక్ వంకర తిప్పిన టెలివిజన్ బొమ్మలు ఆడాయి. మరుసటి ఏడాది అక్టోబరులో ఇంజనీర్ బిల్లీ క్లూవర్ చొరవతో, టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ ఇంజనీర్ల సాయంతో, న్యూయార్క్‌లోని ఒక సైనిక భవనంలో ‘9 ఈవెనింగ్స్’ అనే ప్రదర్శనల వరుస జరిగింది. అందులో రౌషెన్‌బర్గ్ ఇద్దరితో టెన్నిస్ ఆడించారు. బంతి తగిలిన ప్రతిసారీ రాకెట్ మోత స్పీకర్లలో మార్మోగి, ఒక దీపం ఆరిపోయేది. పూర్తిగా చీకటి పడ్డాక వందలమంది అందులోకి నడిచొచ్చారు, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పట్టిన వారి రూపాలు తెరల మీద మాత్రమే కనిపించాయి. కదలిక నుంచి శబ్దం, శబ్దం నుంచి చీకటి, చీకటి నుంచి బొమ్మ: మూడింటికీ ముడి పడింది. ముడి వేసింది మాత్రం యంత్రం.

వినడం నేర్పిన పాయ మరోవైపు నుంచి వచ్చింది. దానికి చరిత్రలో దక్కిన చోటు తక్కువ కనుక ఇక్కడ కాస్త నిలబడి చెప్పాలి. కాలిఫోర్నియాలో నాట్యకారిణి అన్నా హాల్‌ప్రిన్ ఇంటి ఆరుబయట చెక్క వేదిక మీద సాగిన అభ్యాసాల్లో 1960 ప్రాంతంలో లా మాంట్ యంగ్, టెర్రీ రైలీ వంటి యువ సంగీతకారులు పాల్గొన్నారు. అక్కడ శిక్షణ పొందినవారిలో కొందరు 1962లో న్యూయార్క్ జడ్సన్ చర్చిలో మొదలైన నృత్యోద్యమంలో చేరారు. ఆ ఉద్యమం నుంచే వచ్చిన నాట్యకారిణి జుడిత్ డన్, ట్రంపెట్ వాద్యకారుడు బిల్ డిక్సన్‌తో 1960ల మధ్య నుంచి కొన్నేళ్ల పాటు కలిసి పనిచేశారు. సంగీతం నృత్యానికి పక్కవాద్యం కాదు, నృత్యం సంగీతానికి బొమ్మ కాదు అన్న పట్టుదలతో, ఇద్దరూ ఒకే గదిలో రోజుల తరబడి అభ్యాసం చేసి సాధించిన సాంగత్యం అది. ఏ పరికరమూ లేకుండా సాధించారు. 1972లో నాట్యకారుడు స్టీవ్ పాక్స్టన్ మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ ఇద్దరి దేహాల మధ్య మారే బరువునే సంభాషణగా మలిచింది.

బొమ్మను వాద్యంలా వాయించిన తొలి చేతుల్లో 1960ల చివరి రాక్ కచేరీల వెలుగు ప్రదర్శకులవీ ఉన్నాయి. గాజు పళ్లేల్లో నూనె, నీరు, రంగులు పోసి, ప్రొజెక్టర్ మీద వాటిని పాటతో పాటు కదిపేవారు. దాదాపు ఆ రోజుల్లోనే, ఒక్కరే మోసుకుని తిరగగల సోనీ పోర్టపాక్ వీడియో కెమెరా వచ్చింది. ఐస్‌లాండ్‌కు చెందిన వయొలిన్ కళాకారిణి స్టైనా వసుల్కా 1970లలో కమాను కదలికతోనే తన వీడియో బొమ్మను వంచారు. భర్త వుడీతో కలిసి ఆమె 1971లో న్యూయార్క్‌లో స్థాపించిన ‘ది కిచెన్’ వీడియోకూ కొత్త సంగీతానికీ నృత్యానికీ ఉమ్మడి వేదిక అయింది. ఎదురు దిశలో లీసా నెల్సన్ చేసిన ప్రయాణం నాకు మరీ విలువైనదిగా తోస్తుంది. నాట్యకారిణి అయిన ఆమె కెమెరా పట్టుకుని, ఎడిటింగ్ నేర్చుకుని, ఆ చూపును తిరిగి నృత్యంలోకి తెచ్చారు. ఆమె రూపొందించిన ‘ట్యూనింగ్ స్కోర్స్’ అభ్యాసంలో ఆడేవారూ చూసేవారూ ‘ఆగు’, ‘వెనక్కి’, ‘మళ్లీ’ అంటూ పిలుస్తారు, నర్తకులు అప్పటికప్పుడు అలాగే చేస్తారు. వీడియో తెర మీద లేకుండానే వేదిక మీదికి వచ్చింది.

1980లలో ప్యారిస్‌లోని సంగీత పరిశోధన కేంద్రం ఇర్కామ్‌లో మిల్లర్ పకెట్ తయారుచేసిన మాక్స్ అనే సంగీత సాఫ్ట్‌వేర్, తర్వాత ట్రోయికా రాంచ్ బృందానికి చెందిన మార్క్ కోనిలియో నృత్య ప్రదర్శనల కోసం రాసిన ఇసడోరా అనే సాఫ్ట్‌వేర్, 2003లో మాక్స్‌కు తోడైన వీడియో భాగం జిట్టర్ ఈ పనిని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చాయి. చెయ్యి ఎత్తితే రంగు మారుతుంది, పరుగెత్తితే బొమ్మ చెదురుతుంది. కానీ ఎత్తిన ప్రతిసారీ అలాగే మారే రంగు జవాబు కాదు, ప్రతిధ్వని. పది నిమిషాల్లో ప్రేక్షకులకు లెక్క అర్థమైపోతుంది. నాట్యకారిణి ఆడటం మాని మీట నొక్కడం మొదలుపెడుతుంది. ఆలస్యం మరో చిక్కు: సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేము 40 మిల్లీసెకన్లు, కెమెరా నుంచి తెర దాకా మూడు ఫ్రేములు జారితే 120. తాళం మీద బతికే వాద్యకారుడికి అది తెలిసిపోతుంది.

స్వరకర్త వాల్టర్ థాంప్సన్ 1974లో మొదలుపెట్టిన సౌండ్‌పెయింటింగ్‌లో ఒకరు చేతి సంజ్ఞలతో సంగీతకారులనూ నర్తకులనూ దృశ్య కళాకారులనూ అక్కడికక్కడే నడిపిస్తారు. ఆలస్యం సమస్యను పక్కనపెట్టినా, ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారన్న మొదటి ప్రశ్నకు అది ‘సంజ్ఞలు చేసేవారిని’ అన్న జవాబిస్తుంది. ఆ జవాబుతో తృప్తిపడనివారు వీడియో కళాకారుణ్ణి హాలు వెనుక దీపాల బల్ల దగ్గర నుంచి లేపి, వాద్యకారుల పక్కన, నర్తకులకు కనబడేలా కూర్చోబెడుతున్నారు. తెరను పూర్తిగా నల్లబరచి కొన్ని నిమిషాలు ఊరుకోవడం వాద్యకారుడి మౌనంతో సమానమైన నిర్ణయంగా వారి మధ్య చెల్లుతోంది.

ఇక తేలనిది ముందే తీసిపెట్టుకున్న బొమ్మల సంగతి. ఆ రాత్రి ఆ హాల్లో కెమెరా పట్టినవే వాడాలని కొందరు పట్టుబడతారు. వాద్యకారుడి వేళ్లలో ఏళ్ల సాధన నిల్వ ఉన్నప్పుడు తమ హార్డ్‌డిస్క్‌ను మాత్రమే ఎందుకు తప్పుపడతారని మిగిలినవారు అడుగుతారు. నేను రెండోవారి వైపే మొగ్గుతాను, ఒక్క షరతుతో: ఏ బొమ్మ వేయాలో అప్పుడు ఎంచుకునే మనిషి ఆ క్షణంలో నర్తకిని చూస్తూ ఉండాలి.