బ్యారేజీ పేజీకి ఏ ఫొటో పెట్టాలి: ఈ గొడవ వెనక కథ

వికీపీడియాలో ప్రకాశం బ్యారేజీ పేజీ పైన ఏ ఫొటో ఉండాలన్న చర్చ బెజవాడలో మా నలుగురి మధ్య 2024 వరదల దగ్గర్నుంచీ నడుస్తానే ఉంది. ఒకరు రాత్రిపూట లైట్ల ఫొటో అంటారు, ఇంకొకరు వరద ఫొటో అంటారు, నాకేమో పాత ఆనకట్టకి గండి పడినప్పటిది కావాలి. ఎవరిష్టం వాళ్లదిలే అనిపిస్తుంది గానీ అసలు ముడి ఫొటో కాపీరైట్ దగ్గర ఉంది.

ముందు ఆనకట్ట సంగతి. కాటన్ దొర హయాంలో 1852లో మొదలుపెట్టి 1855కి కృష్ణ మీద కట్టారు, దాదాపు వందేళ్లు డెల్టాని పోషించింది, 1952లో గండి పడింది, తర్వాత ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వాడకంలోకొచ్చింది. అదే ఏడాది కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకున్నాం. ఇంత కథ ఉన్న కట్టడానికి లైట్ల ఫొటో ఒక్కటే సరిపోతుందా అన్నది నా బాధ.

సరే, ఆ గండి ఫొటో ఏ పాత పేపర్లోనో దొరికిందనుకోండి, ఎక్కించొచ్చా? మన కాపీరైట్ చట్టం కూడా 1957దే, అప్పట్లో ఫొటోకి 50 ఏళ్లు హక్కు, 1992లో దాన్ని 60 చేశారు, ఆ లెక్కన 1952లో అచ్చయిన ఫొటో ఇక్కడ ఎప్పుడో ఫ్రీ అయిపోయింది. కానీ అన్ని భాషల వికీలూ వాడుకునే ఫొటోల గోడౌన్ కామన్స్ ఉందే, అక్కడ అమెరికా చట్టం కూడా చూస్తారు. 1996 జనవరి 1 నాటికి మన దేశంలో హక్కు మిగిలి ఉన్నవాటికి అమెరికా చట్టం, ఫొటో అచ్చయిన ఏడాది నుంచి లెక్కేసి 95 ఏళ్లు రక్షణ ఇచ్చింది, అంటే మన గండి ఫొటో కోసం 2048 దాకా ఆగాలి! కృష్ణలో మన వాళ్లు తీసిన ఫొటోకి ఎక్కడి లెక్కో అడ్డం రావడం నాకిప్పటికీ మింగుడు పడదు.

వరద ఫొటోల కథ ఇంకోలా ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, 2009 రికార్డు దాటేసింది, పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లకి, అంటే గేట్లు ఎత్తడానికి సాయంగా ఉండే బరువు దిమ్మెలకి, గుద్దుకున్నాయి. ఆ ఫొటోలు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఉన్నాయి గానీ ఎవరు తీశారో ఒక్కదానికీ తెలీదు. తీసినవాళ్లు స్వయంగా, అమ్మకానికి వాడుకున్నా, మార్చుకున్నా పర్లేదు అని రాసిస్తేనే కామన్స్ తీసుకుంటుంది. సినిమా పోస్టర్లకి లాగా సముచిత వినియోగం (హక్కులున్న బొమ్మని వేరే దారి లేనప్పుడు అనుమతి లేకుండానే కొద్దిగా వాడుకోవడం) కింద తెలుగు వికీలో పెడదామా అంటే, బ్యారేజీ రోజూ కళ్లముందే ఉంది కదా, ఎవరైనా వెళ్లి తీయొచ్చు, ఆ వాదన నిలబడదు. కట్టడాల్ని ఫొటో తీసి పెట్టుకోడానికి మన చట్టం 52వ సెక్షన్ చక్కగా ఒప్పుకుంటుంది, గోడల మీద రంగుల బొమ్మలకే ఆ వీలు లేదు.

అందుకే ఒక ఆదివారం పొద్దున్నే సీతానగరం వైపు నుంచి నేనే తీశాను. లైట్ల ఫొటో ఫోన్లో అగ్గిపెట్టంత అయ్యేసరికి రంగుల గీత తప్ప ఏమీ కనపడదు. నాదాంట్లో నాలుగు పిల్లర్లు, వాటి మధ్య దించి ఉన్న గేట్లు, పైన రోడ్డు మీద ఒక ఆటో ఉంది, ఆ ఆటోని చూస్తే కట్టడం ఎంత ఎత్తో అర్థమవుతుంది. ఆకాశం చప్పగానే ఉంది, అయినా బ్యారేజీ అంటే ఏంటో తెలుస్తుంది కదా. మిగతావాళ్లు ఒప్పుకున్నారు, లైట్లది తేదీతో సహా కిందకి వెళ్లింది.

గండి ఫొటో చోటు మాత్రం ఖాళీగానే ఉంది. గుంటూరు, బెజవాడ ఇళ్లల్లో ఆ రోజుల్లో కెమెరా ఉన్న తాతగారు ఎవరైనా ఆనకట్ట దగ్గర తీసిన ఫొటో ఆల్బంలో ఉంటే, దానికి వారసులు మీరే, మీరు రాసిస్తే చాలు, 2048 దాకా ఆగక్కర్లేదు. ఒక్కసారి పాత ట్రంకు పెట్టెలు తీసి చూడండి.